ఇచ్చిన ఆయుధం ఎవరి మాట వింటుంది?

1954 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు ఐజన్‌హోవర్ భారత ప్రధాని నెహ్రూకు ఒక లేఖ రాశాడు. పాకిస్థాన్‌కు సైనిక సహాయం ఇవ్వాలని నిర్ణయించామనీ, అది ఇండియాకు వ్యతిరేకంగా తీసుకున్న చర్య కాదనీ, ఆ సహాయాన్ని ఎవరిపైనైనా దురాక్రమణకు వాడితే వెంటనే తగిన చర్య తీసుకుంటాననీ ఆ లేఖ సారాంశం. పదకొండేళ్లు గడిచాయి. 1965 సెప్టెంబరులో పంజాబ్‌లోని ఖేమ్‌కరణ్ దగ్గర, అసల్ ఉత్తర్ పొలాల్లో అమెరికా ఇచ్చిన ప్యాటన్ ట్యాంకులు కొన్ని కాలిపోయి, కొన్ని బురదలో కూరుకుపోయి కనిపించాయి. పట్టుబడ్డ ట్యాంకులను చేర్చిన చోటుకు ప్యాటన్ నగర్ అన్న పేరు కూడా వచ్చింది.

అమెరికా మాట తప్పిందని అనడానికి లేదు. చర్య తీసుకుంది, ఉభయులకూ ఆయుధాలు ఆపేసింది. సైన్యాన్ని దాదాపు పూర్తిగా అమెరికా సరుకుతోనే నింపుకున్న పాకిస్థాన్‌కు ఆ దెబ్బ గట్టిగా తగిలింది. బ్రిటన్ నుంచీ, సోవియట్ యూనియన్ నుంచీ తెచ్చుకుంటూ కొంత తానే తయారు చేసుకుంటున్న ఇండియాకు అంతగా తగల్లేదు. కొద్ది కాలానికే పాకిస్థాన్‌కు చైనా ట్యాంకులు, చైనా విమానాలు రావడం మొదలైంది. హామీ, ఉల్లంఘన, నిలిపివేత, వేరే అంగడి. విదేశాలకు ఆయుధాలిచ్చే వ్యవహారంలో తర్వాత జరిగిన కథలు చాలావరకు ఈ నాలుగు అంకాల్లోనే నడిచాయి.

ఉక్రెయిన్, గాజా, యెమెన్ యుద్ధాలు ఈ చర్చను మళ్లీ వీధికెక్కించాయి. దాడికి గురైనవాడికి ఆయుధమివ్వకపోవడం దాడి చేసినవాడికి సాయం చేయడమేనని ఒక పక్షం అంటుంది. ఇచ్చిన బాంబు పసిపిల్లల మీద పడితే ఆ పాపంలో ఇచ్చినవాడికీ వాటా ఉందని రెండో పక్షం అంటుంది. రెండు వాదనల్లోనూ బలముంది. అయితే ప్రభుత్వాలు వాటికి చెప్పే సమాధానం మాత్రం మూడోది: ‘మేమిస్తేనే కదా వాళ్లు మా మాట వింటారు, ఆపేస్తే ఉన్న పట్టు కూడా పోతుంది.’ నైతికతకూ అవసరానికీ మధ్య వంతెనలా వినిపించే ఈ మాటనే అన్నిటికన్నా నిశితంగా పరీక్షించాలి. చరిత్రను చూస్తే పట్టు ఇచ్చేసిన ఆయుధంలో ఎప్పుడూ లేదు. ఉంటే గింటే ఇంకా ఇవ్వాల్సినదానిలోనే ఉంది.

1940 డిసెంబరులో రూజ్‌వెల్ట్ బ్రిటన్‌కు యుద్ధసామగ్రి అరువివ్వడాన్ని సమర్థిస్తూ, పొరుగింటికి నిప్పంటుకుంటే తోటకు నీళ్లు పెట్టే గొట్టాన్ని ఇచ్చినట్టే ఇదీ అన్నాడు. మంట ఆరాక గొట్టం తిరిగొస్తుంది, డబ్బు అడగక్కర్లేదు. యుద్ధసామగ్రిని అరువివ్వడమంటే చూయింగ్ గమ్‌ను అరువివ్వడం లాంటిదనీ, తిరిగిచ్చినా ఎవరూ పుచ్చుకోరనీ సెనేటర్ రాబర్ట్ టాఫ్ట్ ఎద్దేవా చేశాడు. 1941 మార్చిలో చట్టం వచ్చింది. యుద్ధం ముగిసేలోగా ముప్పైకి పైగా దేశాలకు దాదాపు 5,000 కోట్ల డాలర్ల సరుకు వెళ్లింది. హిట్లర్ ఓడిపోవడంలో దాని పాత్ర కాదనలేనిది, కాబట్టి చరిత్ర రూజ్‌వెల్ట్ పక్షానే నిలిచింది. గొట్టం విషయంలో మాత్రం టాఫ్ట్ చెప్పిందే నిజం.

సైనిక సహాయం అనే మాట వినగానే ఒక దేశం ఖజానా నుంచి మరో దేశం ఖజానాకు డబ్బు వెళుతున్నట్టు అనిపిస్తుంది. ఎక్కువ సందర్భాల్లో అలా జరగదు. అమెరికా విషయమే చూస్తే ప్రధానంగా మూడు దారులున్నాయి. ఒకటి ఆయుధాలు కొనుక్కోవడానికిచ్చే గ్రాంటు, రెండోది నేరుగా అమ్మకం, మూడోది సొంత సైన్యం గిడ్డంగుల్లోంచి తీసి పంపడం. గ్రాంటు డబ్బులో అత్యధిక భాగం అమెరికా కంపెనీల దగ్గరే ఖర్చు పెట్టాలి. 2016లో ఇజ్రాయెల్‌తో కుదిరిన పదేళ్ల ఒప్పందం విలువ 3,800 కోట్ల డాలర్లు. అందులో ఏటా 330 కోట్లు ఆయుధాల కొనుగోలుకు, 50 కోట్లు క్షిపణి రక్షణకు. అంతకుముందు ఆ గ్రాంటులో నాలుగో వంతుకు పైగా సొంత పరిశ్రమ మీద ఖర్చు చేసుకునే వెసులుబాటు ఇజ్రాయెల్‌కు ఉండేది. కొత్త ఒప్పందం దాన్ని క్రమంగా తగ్గించి 2028 నాటికి పూర్తిగా తొలగిస్తుంది. ఉక్రెయిన్ పేరుతో మంజూరైన నిధుల్లోనూ పెద్ద భాగం ఖాళీ అయిన అమెరికా గిడ్డంగులను తిరిగి నింపడానికీ, కర్మాగారాలను విస్తరించడానికీ వెళ్లింది. యుద్ధానికి ముందు నెలకు సుమారు 14,000గా ఉన్న 155 మిల్లీమీటర్ల ఫిరంగి గుండ్ల ఉత్పత్తిని లక్షకు పెంచాలని లక్ష్యం పెట్టుకున్నారు. పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్ కర్మాగారం ఉన్న నియోజకవర్గంలో ఇది విదేశాంగ విధానం కాదు, ఉపాధి.

ఈ లెక్కలు కూడా గట్టి నేల మీద నిలిచినవి కావు. 2023లో పెంటగాన్ ఉక్రెయిన్‌కు పంపిన సరుకు విలువను 620 కోట్ల డాలర్లు ఎక్కువగా చూపామని ప్రకటించింది. గిడ్డంగిలోంచి తీసిన పాత ఆయుధానికి తరుగుదల పోగా మిగిలిన విలువ వేయాల్సింది పోయి, దాని స్థానంలో కొత్తది కొంటే ఎంతవుతుందో ఆ ధర వేశారు. లెక్క సరిచేయడంతో అంత మేరకు మళ్లీ పంపే వీలు కలిగింది. గుండు అదే, ఫిరంగి అదే, ధర మాత్రం వేరు. ‘ఇంత ఇచ్చాం’ అని సభల్లో చెప్పే అంకెల వెనుక ఇలాంటి పద్దులుంటాయి.

ఇక పట్టు సంగతి. 1974లో టర్కీ సైన్యం సైప్రస్‌లో దిగింది, అదీ అమెరికా ఆయుధాలతో. అధ్యక్షుడు వద్దంటున్నా అమెరికా కాంగ్రెస్ పట్టుబట్టి 1975 ఫిబ్రవరి నుంచి టర్కీకి ఆయుధాలు ఆపించింది. టర్కీ సైప్రస్ నుంచి కదల్లేదు సరికదా, తన గడ్డ మీదున్న అమెరికా స్థావరాల కార్యకలాపాలను స్తంభింపజేసింది. సోవియట్ యూనియన్ మీద నిఘా పెట్టే కేంద్రాలు అక్కడే ఉండేవి. 1978లో నిషేధం ఎత్తేశారు. టర్కీ సైన్యం ఈనాటికీ ఉత్తర సైప్రస్‌లోనే ఉంది. ఎవరు ఎవరి మీద ఆధారపడ్డారన్నది కాగితం మీద ఒకలా, నేల మీద ఒకలా ఉంటుందని ఆ మూడేళ్లలో తేలింది.

ఈజిప్టు కథ ఇంకా మెలికలు తిరిగింది. 1979లో ఇజ్రాయెల్‌తో శాంతి ఒప్పందం చేసుకున్నప్పటి నుంచి ఆ దేశానికి అమెరికా సైనిక సహాయం అందుతోంది. 1980ల చివరి నుంచి అది ఏటా 130 కోట్ల డాలర్లు. రాబోయే సంవత్సరాల గ్రాంటును చూపించి ముందుగానే పెద్ద ఆర్డర్లు పెట్టుకునే సౌకర్యం కూడా ఈజిప్టుకు ఉండేది. అందులో ఒక చిక్కుంది. ఆర్డరు పడ్డాక సహాయం ఆపితే నష్టపరిహారం భారం అమెరికా మీదే పడుతుంది, పని ఆగేది అమెరికా కర్మాగారాల్లోనే. 2013 జూలైలో సైన్యం ఎన్నికైన అధ్యక్షుడు మోర్సీని దించేసినప్పుడు, అది సైనిక కుట్ర అని ఒప్పుకుంటే చట్టప్రకారం సహాయం ఆపాలి. అందుకని వాషింగ్టన్ ఆ మాట పలకకుండానే కాలం గడిపింది. అయినా అదే ఏడాది అక్టోబరులో ఎఫ్-16 విమానాలు సహా కొన్ని పెద్ద సరఫరాలను నిలిపింది. ఈజిప్టు పాలకుడు సిసీ మెత్తబడలేదు. 2015 ఫిబ్రవరిలో ఫ్రాన్స్ నుంచి 24 రఫేల్ యుద్ధవిమానాలు కొంటున్నట్టు ప్రకటించాడు. మార్చి నెలాఖరున ఒబామా నిలిపివేతను ఎత్తేశాడు. ఆ ముందస్తు ఆర్డర్ల సౌకర్యాన్ని మాత్రం 2018 నుంచి తీసేస్తామన్నాడు. మొత్తం వ్యవహారంలో నిజంగా తెలివైన నిర్ణయం అదొక్కటే, ఎందుకంటే అది శిక్ష కాదు, తన చేతికున్న కట్టు తానే విప్పుకోవడం.

2024 మేలో బైడెన్ ప్రభుత్వం గాజాలోని రఫా నగరం మీద దాడి జరగకూడదంటూ ఇజ్రాయెల్‌కు వెళ్లాల్సిన ఒక విడత భారీ బాంబులను ఆపింది. అవి 2,000 పౌండ్లవి 1,800, 500 పౌండ్లవి 1,700. చిన్న బాంబులు జూలైలో కదిలాయి, పెద్దవి 2025 జనవరిలో ట్రంప్ వచ్చాక కదిలాయి. ఈలోగా మిగతా సరఫరా సాగుతూనే ఉంది, రఫాలోకి సైన్యం వెళ్లనే వెళ్లింది. పదేళ్లకు సరిపడా సహాయానికి ముందే మాటిచ్చేసినవాడు ఒక ఓడను ఆపితే అవతలివాడికి అది అలకలా కనిపిస్తుందే తప్ప హెచ్చరికలా కాదు.

ఒత్తిడి ఫలించిన సందర్భాలు లేవనడం అబద్ధమే అవుతుంది. 1999 సెప్టెంబరులో తూర్పు తైమూర్ తగలబడుతుండగా క్లింటన్ 9వ తేదీన ఇండొనేసియాతో సైనిక సంబంధాలు నిలిపేశాడు. మూడు రోజులకు అధ్యక్షుడు హబీబీ అంతర్జాతీయ దళాన్ని రానివ్వడానికి ఒప్పుకున్నాడు. అయితే అప్పటికి ఇండొనేసియా ఆర్థిక సంక్షోభంలో మునిగి ఉంది, ఐఎంఎఫ్, ప్రపంచ బ్యాంకు కూడా డబ్బు ఆగుతుందని చెప్పాయి. ఆయుధాల బిగింపు ఒక్కటే పని చేసిందనలేం. మరో ఉదాహరణ 2025 మార్చి నాటిది. శ్వేతసౌధంలో జెలెన్‌స్కీతో వాగ్వాదం జరిగిన కొద్ది రోజులకే ట్రంప్ ఉక్రెయిన్‌కు ఆయుధాలనూ, నిఘా సమాచారాన్నీ ఆపేశాడు. 11వ తేదీన జెడ్డాలో ఉక్రెయిన్ ముప్పై రోజుల కాల్పుల విరమణకు ఒప్పుకుంది, సరఫరా తిరిగి మొదలైంది. రష్యా మాత్రం ఆ విరమణకు ఒప్పుకోలేదు. ఆయుధం ఆపితే కలిగే ఒత్తిడి ఎవరి మీద పనిచేస్తుందో ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. ఊపిరి ఆడని మిత్రుడి మీద పనిచేస్తుంది. నాలుగు అంగళ్లు తిరగగల మిత్రుడి మీద అంతంతమాత్రం. శత్రువు మీద అసలు పనిచేయదు.

‘మేం అమ్మకపోతే ఇంకొకరు అమ్ముతారు’ అన్న వాదన కూడా ఇక్కడే తేలుతుంది. రైఫిళ్లు, మోర్టార్లు, ఫిరంగి గుండ్లు, చవక డ్రోన్ల విషయంలో అది అక్షరసత్యం. రష్యాకు ఇరాన్ డ్రోన్లు, ఉత్తర కొరియా గుండ్లు చేరిన తీరే సాక్ష్యం. కానీ ఒక దేశం వైమానిక దళాన్ని రాత్రికి రాత్రి మార్చడం కుదరదు. విమానంతో పాటు విడిభాగాలు, మందుగుండు, శిక్షణ, సాఫ్ట్‌వేర్, మరమ్మతు చేసే సాంకేతిక సిబ్బంది అన్నీ కలిసి వస్తాయి. సౌదీ అరేబియా విమానాలు యెమెన్ మీద బాంబులు వేసిన ఏళ్లలో వాటిని ఎగిరేలా ఉంచింది అమెరికా, బ్రిటన్ సంస్థల విడిభాగాలూ మనుషులూ. సౌదీ ఏజెంట్ల చేతిలో జర్నలిస్టు ఖషోగ్గీ హత్య జరిగిన తర్వాత, 2018 నవంబరులో అమెరికా చేసింది సౌదీ విమానాలకు గాలిలో ఇంధనం నింపడం మానడం. విడిభాగాల జోలికి వెళ్లలేదు. అంటే నిజమైన పట్టు ఉన్న చోట దాన్ని వాడలేదు, వాడిన చోట అంత పట్టు లేదు.

విడిభాగాల తాళం బిగిస్తే దానికీ ధర ఉంటుంది. అణు కార్యక్రమం కారణంగా 1990లో అమెరికా పాకిస్థాన్‌కు సహాయం ఆపేసినప్పుడు, డబ్బు కట్టిన 28 ఎఫ్-16 విమానాలు చేరకుండానే ఆగిపోయాయి. వాటిని ఆరిజోనా ఎడారిలో నిలబెట్టారు. ఆ వివాదం 1998 చివర్లో గానీ పరిష్కారం కాలేదు, కొంత నగదుగా, కొంత గోధుమల వంటి సరుకుగా చెల్లించి ముగించారు. ఈలోగా, ఆ ఏడాది మేలోనే, పాకిస్థాన్ అణుపరీక్షలు జరిపేసింది. స్విట్జర్లాండ్ అనుభవం మరో రకం. తటస్థ దేశం గనుక తాను అమ్మిన మందుగుండు యుద్ధంలో ఉన్న దేశానికి తిరిగి పంపకూడదన్న షరతు దానిది. 2022లో జర్మనీ తన దగ్గరున్న గెపార్డ్ అనే విమాన విధ్వంసక ఫిరంగుల్లో వాడే స్విస్ తయారీ తూటాలను ఉక్రెయిన్‌కు పంపుతానంటే వద్దంది. జర్మనీ తన దేశంలోనే వాటి తయారీ మళ్లీ మొదలుపెట్టించుకుంది. షరతుకు కచ్చితంగా కట్టుబడిన అమ్మకందారు నీతిమంతుడనిపించుకుంటాడేమో గానీ, అతని దగ్గర మళ్లీ కొనాలా వద్దా అని కొనేవాడు ఆలోచనలో పడతాడు. ప్రభుత్వాలు షరతులు రాసి, అమలు చేయకుండా ఉండటానికి ఈ భయమూ ఒక కారణం.

చట్టాలకు కొదవ లేదు. అమెరికాలో 1976 నాటి ఆయుధ ఎగుమతుల నియంత్రణ చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన అమ్మకాన్ని ముందుగా కాంగ్రెస్‌కు తెలపాలి. మానవ హక్కులను ఘోరంగా ఉల్లంఘించిన విదేశీ సైనిక దళానికి సహాయం చేయరాదని సెనేటర్ లేహీ పేరిట 1990ల నుంచి మరో చట్టం ఉంది. కానీ అమ్మకాన్ని ఆపాలంటే ఉభయ సభలూ తీర్మానం చేయాలి, అధ్యక్షుడు దాన్ని వీటో చేయవచ్చు. కాంగ్రెస్ ఒక్కటే కాదంటే సరిపోయే పాత పద్ధతి, 1983లో సుప్రీంకోర్టు చద్దా కేసులో ఇచ్చిన తీర్పుతో చెల్లకుండా పోయింది. అప్పటి నుంచి అమ్మాలనుకునే అధ్యక్షుణ్ని ఆపాలంటే ప్రతి సభలో మూడింట రెండు వంతుల బలం కావాలి. ఈ దారిలో ఆగిన అమ్మకం ఇప్పటివరకు ఒక్కటీ లేదు. 2019లో ట్రంప్ అత్యవసర పరిస్థితి పేరు చెప్పి సౌదీ, యూఏఈ తదితరులకు 800 కోట్ల డాలర్లకు పైగా అమ్మకాలను కాంగ్రెస్ సమీక్ష లేకుండా దాటించాడు. వద్దంటూ వచ్చిన తీర్మానాలను వీటో చేశాడు. 2023 డిసెంబరులో బైడెన్ ప్రభుత్వం ఇజ్రాయెల్‌కు ట్యాంకు గుండ్ల విషయంలో అదే అత్యవసర తలుపు తెరిచింది. పార్టీలు మారినా తలుపు అదే.

దాని కన్నా చిత్రమైనది 2024 మేలో వచ్చిన అమెరికా విదేశాంగ శాఖ నివేదిక. అమెరికా ఆయుధాలను ఇజ్రాయెల్ అంతర్జాతీయ మానవతా చట్టానికి విరుద్ధంగా కొన్ని సందర్భాల్లో వాడిందని భావించడం సమంజసమే అని అందులో ఉంది. చట్టబద్ధంగానే వాడతామని ఇజ్రాయెల్ ఇచ్చిన హామీ నమ్మదగినదే అనీ అందులోనే ఉంది. ఒకే నివేదికలో ఈ రెండు వాక్యాలూ ఇమిడాయంటే, దాన్ని రాసినవాళ్ల నేర్పును మెచ్చుకోవాల్సిందే.

ఐరోపాలో కోర్టులు కొంత ముందుకెళ్లాయి. 2019 జూన్‌లో బ్రిటన్ అప్పీలు కోర్టు సౌదీకి ఆయుధ లైసెన్సులిచ్చిన విధానం చట్టవిరుద్ధమంది, ఎందుకంటే గతంలో ఉల్లంఘనలు జరిగాయా లేదా అన్నది ప్రభుత్వం తేల్చనే లేదు. ఏడాది తర్వాత ప్రభుత్వం సమీక్ష జరిపి, జరిగినవి విడివిడి ఘటనలేనంటూ లైసెన్సులు మళ్లీ మొదలుపెట్టింది. 2024 ఫిబ్రవరిలో హేగ్ అప్పీలు కోర్టు ఇజ్రాయెల్‌కు ఎఫ్-35 విడిభాగాలు పంపవద్దని డచ్చి ప్రభుత్వాన్ని ఆదేశించింది. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు, అంచనా వేయాల్సింది ప్రభుత్వమేనంటూ, ఆరు వారాల్లో లైసెన్సును పునఃసమీక్షించమంది. న్యాయస్థానం తలుపు తట్టగలదు గానీ తాళంచెవి మళ్లీ అమ్మేవాడి చేతికే చేరుతోంది. 2013లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఆయుధ వాణిజ్య ఒప్పందంలోనూ ఇదే లోపం. ముప్పు ఎంతుందో ఎగుమతి చేసే దేశమే తూచుకోవాలి. 2020–24 మధ్య ప్రపంచ ఆయుధ ఎగుమతుల్లో 43 శాతం అమెరికాదేనని స్టాక్‌హోమ్ శాంతి పరిశోధన సంస్థ సిప్రి లెక్క. ఆ అమెరికా ఒప్పందంపై సంతకం చేసింది గానీ ధ్రువీకరించలేదు, 2019లో తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. రష్యా అసలు చేరనే లేదు.

పైగా తనిఖీ జరిగేది లైసెన్సు ఇచ్చే రోజున, ఆయుధం మాత్రం ఆ తర్వాత దశాబ్దాలు బతుకుతుంది. 1986 నుంచి అఫ్గాన్ ముజాహిదీన్ చేతికి వెళ్లిన స్టింగర్ క్షిపణుల్లో మిగిలినవాటిని సీఐఏ 1990ల్లో డబ్బిచ్చి తిరిగి కొనుక్కోవడానికి తిరిగింది. 2014లో మోసుల్ పడిపోయినప్పుడు 2,300 హమ్వీ వాహనాలు ఐసిస్ పాలయ్యాయని ఇరాక్ ప్రధానే చెప్పాడు. 2021 ఆగస్టులో అఫ్గాన్ సైన్యం కుప్పకూలాక అక్కడ మిగిలిపోయిన అమెరికా సామగ్రి విలువ సుమారు 700 కోట్ల డాలర్లని పెంటగాన్ అంచనా. ఆయుధాలను చివరికి వాడేది ఏ ప్రభుత్వమని ధ్రువపత్రంలో రాశారో, ఆ ప్రభుత్వమే అప్పటికి లేదు.

ఇంత చెప్పాక, అయితే ఎవరికీ ఏమీ ఇవ్వకపోతే సరి అనిపించవచ్చు. బోస్నియా ఆ మాటకు అడ్డొస్తుంది. 1991 సెప్టెంబరులో భద్రతా మండలి యుగోస్లావియా మొత్తానికి ఆయుధ నిషేధం విధించింది. అందరికీ సమానంగా వర్తించే నియమం గనుక న్యాయంగానే కనిపించింది. కానీ పాత యుగోస్లావ్ సైన్యం ట్యాంకులూ ఫిరంగులూ అప్పటికే సెర్బు బలగాల వైపున్నాయి. ఏడాది తిరక్కుండా పుట్టిన బోస్నియా ప్రభుత్వం మాత్రం ఖాళీ చేతులతో ఆ నిషేధాన్ని వారసత్వంగా పొందింది. సారాయెవో ముట్టడి మూడున్నరేళ్లకు పైగా సాగింది. ఇవ్వకపోవడం కూడా ఒక పక్షం వహించడమే అయింది. నిషేధం కాగితం మీద ఉండగానే 1994లో క్రొయేషియా మీదుగా ఇరాన్ ఆయుధాలు బోస్నియాకు వెళుతుంటే అమెరికా చూసీ చూడనట్టు ఊరుకుంది. ఆయుధాలతో పాటు ఇరాన్ మనుషులూ, పలుకుబడీ వచ్చాయి.

1995 చివర్లో డేటన్ ఒప్పందం కుదిరి యుద్ధం ఆగాక, బోస్నియా సైన్యాన్ని నిలబెట్టే పనిని అమెరికా తలకెత్తుకుంది. ఇరాన్‌తో సంబంధాలు తెంచుకోవాలన్నది షరతు. రక్షణ శాఖ ఉపమంత్రి హసన్ చెంగిచ్‌కు టెహ్రాన్‌తో దగ్గరి సంబంధాలున్నాయనీ, ఆయన్ను తప్పించాలనీ అడిగింది. సారాయెవో నాన్చింది. 1996 అక్టోబరు చివరికి ట్యాంకులు, సాయుధ వాహనాలతో అమెరికా ఓడ క్రొయేషియా రేవు ప్లోచె దగ్గరికి వచ్చింది గానీ సరుకు దించలేదు. వారాలు గడిచాయి. నవంబరులో చెంగిచ్‌ను పదవి నుంచి తప్పించారు. ఆ తర్వాతే ట్యాంకులు ఒడ్డుకు దిగాయి.